నూరేళ్ళ ఇల్లు ఎవరికి కావాలి?

కిందటేడు సంక్రాంతికి అందరం మా అత్తగారి ఊరెళ్ళాం. ఉయ్యూరుకి దగ్గర్లో ఓ చిన్న పల్లె. కనుమ నాడు మధ్యాహ్నం గారెలూ కూరా దండిగా తిని, మగవాళ్ళంతా వసారాలో మడతమంచాల మీద వాలారు. నేనూ మా తోడికోడలూ లోపల గిన్నెలు సర్దుతున్నాం. అప్పుడు వినబడింది మా బావగారి గొంతు.

"ఇంకెన్నాళ్ళురా ఈ మట్టికొంప? పడగొట్టించేసి శుభ్రంగా స్లాబు వేయించేద్దాం. నూరేళ్ళు చెక్కు చెదరకుండా ఉంటుంది."

"అంతే అన్నయ్యా" అంటున్నారు మావారు.

నాకు గుండె జారిపోయింది. ఆ ఇల్లంటే నాకు ప్రాణం. మా మామగారి నాన్నగారు కట్టించింది. అడుగున్నర మందం మట్టిగోడలు, తాటి దూలాలు, పైన పెంకు, ముందు అరుగులు. మే నెలలో బెజవాడలో బయటికి అడుగు పెట్టలేనప్పుడు కూడా ఆ నట్టింట్లో చాప వేసుకుని ఫ్యాను కింద హాయిగా నిద్రపోవచ్చు. మందం గోడ పొద్దుటి ఎండని లోపలికి రానిచ్చేసరికే సాయంత్రం అవుతుంది. అప్పటికి తలుపులు తీసుకుంటాం. అంతే, పెద్ద సైన్సేమీ లేదు.

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని వసారాలోకి వచ్చేశాను. "నూరేళ్ళంటున్నారు కదా బావగారూ, మా నాన్నగారు కట్టిన డాబా ఎన్నేళ్ళుందో తెలుసా?" అని అడిగాను.

ఆ కథ మీకూ చెప్పాలి. మా నాన్నగారు 1984లో డాబా కట్టారు. ఆ వీధిలో మొదటి డాబా మాదే. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరికీ మెట్లెక్కించి పైన తిప్పి చూపించేవారు. "నా మనవలు కూడా ఇందులోనే ఉంటారు" అనేవారు. పాతికేళ్ళు దాటేసరికి వంటింటి స్లాబుకి నెమ్ము మొదలైంది. తర్వాత పెచ్చులు ఊడడం. ఓ రోజు అమ్మ పప్పు తిరగమోత వేస్తుంటే అరచేయంత పెచ్చు వచ్చి పొయ్యి పక్కన పడింది. పైకి చూస్తే లోపల ఇనప చువ్వలు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. ఇంజనీరుని పిలిస్తే ఆయన చెప్పింది ఒకటే. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని నెట్టేస్తుంది. చువ్వల కింద కప్పు సరిగ్గా పోయకపోతే ఇది తొందరగా వస్తుంది. అక్కడక్కడ అతుకులు వేయొచ్చు గానీ ఇల్లంతా పాకాక ఇక లాభం లేదు. 2019లో ఆ ఇల్లు కొట్టించేశాం. ముప్ఫై అయిదేళ్ళు! నాన్నగారు ఆ రోజు అటువైపు రాలేదు.

ఇంకో మాట. ఆ ఇల్లు కొట్టించాక పదకొండు ట్రాక్టర్ల రాళ్ళూ రప్పలూ తేలాయి. అందులో తలుపులూ కిటికీలూ ఇనుమూ తప్ప మరొకరికి పనికొచ్చింది లేదు. డబ్బులిచ్చి మరీ తీయించుకున్నాం. ట్రాక్టరువాడు ఎక్కడ పోశాడో నేనడగలేదు. ఊరి బయట చెరువు గట్టు మీద తెల్లగా గుట్టలు కనిపిస్తే మాత్రం ఇప్పటికీ తల తిప్పేసుకుంటాను. అందులో మా వంటింటి గోడ కూడా ఉండే ఉంటుంది.

మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతోంది. నా పక్షాన అది కూడా వచ్చి చేరింది. సిమెంటు చేయాలంటే సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాల్చాలట. ఆ మంటకి అయ్యే బొగ్గు ఒక ఎత్తు, కాలేటప్పుడు ఆ రాయిలోంచే బయటికొచ్చే కార్బన్ డయాక్సైడు మరో ఎత్తు. ప్రపంచం మొత్తం గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడులో 7, 8 శాతం ఒక్క సిమెంటు వల్లే. మన పాతకాలం గానుగ సున్నానికి 900 డిగ్రీలు చాలు. పైగా గోడకి పూశాక అది ఆరుతూ, గట్టిపడుతూ గాల్లోంచి ఆ కార్బన్ డయాక్సైడుని కొంత వెనక్కి తీసుకుంటుంది. ఇక మట్టి సంగతి చెప్పక్కర్లేదు. దాన్ని కాల్చే పనే లేదు.

"అసలు ఇల్లు నూరేళ్ళు కదలకుండా ఉండాలని ఎవరన్నారు పెదనాన్నా?" అంది. జపాన్‌లో ఇసే అనే చోట ఒక పెద్ద గుడి ఉందిట. దాన్ని ఇరవయ్యేళ్ళకొకసారి పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో మళ్ళీ కొత్తగా కడతారు. అంతా కొయ్యా గడ్డీ. మధ్యలో యుద్ధాల కాలంలో ఆగినా, పదమూడు వందల ఏళ్ళుగా ఇదే పద్ధతి. 2013లో కట్టింది అరవై రెండోసారి. మళ్ళీ 2033లో కడతారు. పాత గుడి కొయ్యని పారేయరు, వేరే గుళ్ళకి పంచుతారు. ఇరవయ్యేళ్ళకొకసారి కడుతుంటారు కాబట్టి తాత పని కొడుక్కీ, కొడుకు పని మనవడికీ వస్తుంది. రాతితో కట్టేసి వదిలేసి ఉంటే, గుడి ఉండేదేమో గానీ కట్టడం తెలిసినవాళ్ళు ఉండేవారు కాదు.

నాకది వింటుంటే మన పూరీ జగన్నాథుడు గుర్తొచ్చాడు. ఆ స్వామిది కూడా కొయ్య శరీరమే కదా! అధిక ఆషాఢం వచ్చిన ఏడు పాత విగ్రహాల్ని సమాధి చేసి కొత్తవి చెక్కుతారు. 1996లో చేశారు, మళ్ళీ 2015లో చేశారు. దేవుడికే శరీరం మారడం తప్పలేదు. మన వినాయకుడి సంగతి మాత్రం? ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ నీళ్ళలో కరగదు, మట్టి బొమ్మే పెట్టండి అని అపార్టుమెంటు గ్రూపులో ఏటా మెసేజీలు పెట్టేది మనమే. కరిగిపోవడమే ఆ బొమ్మ గొప్పతనమని మనకి తెలుసు. ఇల్లు దగ్గరకొచ్చేసరికి మాత్రం కరగనిదే కావాలంటాం.

ఇలా నేనూ మా అమ్మాయీ కలిసి ఓ అరగంట వాయించేశాం. బావగారు నోరు తెరవలేదు. గెలిచేశాననుకున్నాను.

అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని కందులు బాగుచేసుకుంటున్న మా అత్తగారు తలెత్తి, "అంతా బానే ఉందమ్మాయ్, అలికేదెవరు?" అన్నారు.

ఎవరం మాట్లాడలేదు.

"ఈ ఇంటికొచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మీ మామయ్యగారు బండలు పరిపించేదాకా ముప్ఫై అయిదేళ్ళు అలికాను. వారానికి రెండుసార్లు. వంటిల్లూ వెనక వసారా ఇప్పటికీ మట్టిదే కదా. వానాకాలం వెళ్ళాక గోడలకి మెత్తాలి. పండక్కి వెల్ల వెయ్యాలి. పెంకు జారితే చెంబులూ తపేలాలూ పెట్టుకుని రాత్రంతా మేలుకోవాలి. చెద పట్టిందేమో చూసుకోవాలి. పందికొక్కులు పునాది తవ్వితే పూడ్చుకోవాలి. చల్లగా ఉంటుందని నిద్రపోయేవాళ్ళకి అన్నీ ముద్దే."

మా అమ్మాయి ఫోన్లో లెక్క కట్టింది. ముప్ఫై అయిదేళ్ళు, ఏడాదికి యాభై రెండు వారాలు, వారానికి రెండుసార్లు. మూడు వేల ఆరు వందల నలభై. అన్నిసార్లు ఆవిడ మోకాళ్ళ మీద వంగి పేడనీళ్ళతో ఆ నేల అలికారు. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు మడత పడవు. నేను చల్లటి నేల గురించి మాట్లాడుతున్నాను.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మీరు పెద్దవాళ్ళ దగ్గర వినే ఉంటారు. వేలమంది పోయారు. ఆ రాత్రి మా అత్తగారి పుట్టింటి మట్టిగోడలు నీళ్ళలో కరిగిపోయాయట. వాళ్ళ నాన్నగారూ అమ్మగారూ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాబా మీదికెక్కి బతికారు. ఎక్కలేనివాళ్ళు లేరు. "కరిగిపోవడం గొప్పంటున్నావే, కరిగిపోతుంటే లోపల నువ్వున్నావా?" అన్నారావిడ. కోపంగా కాదు, మామూలుగానే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీలో చాలామంది ఈ మధ్య యూట్యూబులో మట్టి ఇళ్ళ వీడియోలు చూస్తూనే ఉంటారు. అందమైన మట్టిగోడ, మూలలో రాగి బిందె, కిటికీ దగ్గర మనీ ప్లాంటు. పట్నం వదిలేసి వచ్చిన దంపతులు. నేనూ చూస్తాను, ఇష్టంగానే చూస్తాను. కానీ ఆ వీడియోల్లో అలికే చేతులు నాకెప్పుడూ కనబడలేదు. మాలి దేశంలో జెన్నే అనే ఊళ్ళో పెద్ద మట్టి మసీదు ఉంది. ఇప్పుడున్నది 1907లో కట్టింది. ఏటా ఊరంతా కలిసి పండగలా దానికి కొత్తగా మట్టి మెత్తుతారు. గోడలెక్కి మెత్తేది మగవాళ్ళు, నది నుంచి నీళ్ళు మోసేది ఆడవాళ్ళు. దూరం నుంచి చూసేవాళ్ళకి గోడ ఎక్కినవాళ్ళే కనిపిస్తారు, అది వేరే సంగతి. కానీ కనీసం అక్కడ ఊరంతా కలిసి చేస్తారు. మన ఇళ్ళల్లో ఆ పని ఒక్క కోడలి మోకాళ్ళ మీద పడింది.

అందుకే మా ఇంట్లో పనికొచ్చే అమ్మాయి "మాకు గవర్నమెంటు ఇల్లొచ్చిందమ్మా, స్లాబుది" అని మిఠాయి పెడితే, "అయ్యో, సిమెంటా" అని మనం మూతి విరవకూడదు. ఎండాకాలం పక్క పాక అంటుకుంటే తన పాక కూడా పోతుందేమోనని ఇరవయ్యేళ్ళు భయపడిన మనిషి ఆమె. ఆమెకి స్లాబంటే భయం లేని నిద్ర. మట్టి ఇల్లు మనకి సరదా అయితే, పేదవాళ్ళకి అది సరదా కాదు, గతిలేక.

అయితే మా బావగారు చెప్పిందే రైటా? కాదనే నేనింకా అంటాను. ఎందుకో చెప్తాను.

నూరేళ్ళ ఇల్లు అనేది లేదు. మట్టిదైనా, సిమెంటుదైనా ఏ ఇల్లూ తనంతట తాను నిలబడదు, ఎవరో ఒకరు నిలబెడుతూ ఉండాలి. రాయలసీమలో మిద్దె మీద ఏటా వానలకి ముందు చవుడు మట్టి పోయిస్తారు. తెలంగాణలో గూనపెంకులు తిరగేయిస్తారు. మా ఊళ్ళో పెంకు సర్దిస్తారు. సిమెంటు ఇంటికీ ఆ అవసరం ఉంది. కాకపోతే అది ముప్ఫై ఏళ్ళు ఏమీ అడగనట్టే ఉండి, ఒక్కసారిగా అంతా అడుగుతుంది. మట్టి ఇల్లు ఏటా కొంచెం కొంచెం అడుగుతుంది. అడిగింది ఇస్తే మా ఇంటిలాగా డెబ్భై ఏళ్ళు కూడా ఉంటుంది. ఇంతకీ తేడా ఎక్కడంటే, చెడిపోయినప్పుడు. మట్టిగోడ మూల విరిగితే అదే మట్టిని తడిపి, తొక్కి మళ్ళీ పెట్టుకోవచ్చు. స్లాబు చెడితే కొట్టేయడమే.

కాబట్టి ఏ వస్తువు మంచిది, ఏది చెడ్డది అని కాదు ప్రశ్న. ఇంట్లో ఏ భాగానికి ఎంత ఆయువు కావాలి, దాని చాకిరీ ఎవరు చేస్తారు, అది పోయాక ఎక్కడికి పోతుంది? ఈ మూడూ అడిగి కట్టుకుంటే చాలు. మన అత్తగార్ల తరంలో రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు. మన నాన్నగార్ల తరంలో మూడోది అడగలేదు.

మర్నాడు పొద్దున్నే కాఫీల దగ్గర మళ్ళీ కూర్చున్నాం. ఈసారి అత్తగార్ని మధ్యలో కూర్చోబెట్టాం. "నీకేం కావాలమ్మా?" అని మావారు అడిగారు. ఆ ఇంట్లో యాభై ఏళ్ళకి పైగా ఉన్న మనిషిని ఆ మాట అడగడం అదే మొదటిసారేమో. ఆవిడ దగ్గర జవాబు తయారుగా ఉంది. ఇంట్లోంచే వెళ్ళేలా బాత్రూం. నిలబడి వండుకునే వంటిల్లు. అలకక్కర్లేని నేల. ముందు అరుగులు మాత్రం తీయొద్దు, సాయంత్రం కూర్చోవడానికి కావాలి.

మొత్తం ఇల్లు కూల్చాల్సిన పని ఎందులోనూ లేదు!

మే నెలలో పని మొదలుపెట్టాం. వాలిపోయిన పాత వంటిల్లు విప్పేశాం. విప్పేశాం అని కావాలనే అంటున్నాను, కూల్చలేదు. పెంకులు దింపి కడిగి పేర్చాం. మంచిగా ఉన్న దూలాలకి వేపనూనె పట్టించాం. గోడల మట్టి దొడ్లో కుప్ప పోసి నీళ్ళు పెట్టి నానబెట్టాం. కొత్త వంటింటికి మోకాలెత్తు దాకా రాతికట్టు, ఆ పైన అదే పాత మట్టిలో ఊకా ఇసకా కొంచెం సున్నం కలిపి పెట్టిన గోడలు. మట్టిగోడకి పాదాలూ తలా తడవకపోతే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. అందుకే చూరు మూడడుగులు బయటికి దింపాం. నేలకి బండలు. బాత్రూం మాత్రం ఇటుకా సిమెంటే. నీళ్ళు రోజంతా పడే చోట మట్టి పనికిరాదు, దానికి మొహమాటం ఎందుకు? అక్కడ కూడా మా అమ్మాయి పట్టుబట్టి తిరువనంతపురంలో లారీ బేకర్ గారు విరివిగా వాడిన పద్ధతిలో గోడ కట్టించింది. ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుకలు నాలుగో వంతు మిగులుతాయి, ఆ ఖాళీ వల్ల లోపల వేడి కూడా తగ్గుతుంది.

అంతా సాఫీగా జరిగిందనుకునేరు! మట్టిగోడ పెట్టడం తెలిసిన మేస్త్రి కోసం నెల రోజులు వెతికాం. దొరికినాయనకి డెబ్భై దాటాయి. కొడుకులు సెంట్రింగు పనికి పోతారు. ఆయన గట్టు మీద కూర్చుని చెప్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు చేశారు. మధ్యలో జూన్ వాన ముందే వచ్చి, ఇంకా కప్పు వేయని ఒక మూల జారిపోయింది. బావగారు "నే చెప్పలా" అన్నట్టు చూశారు. మేస్త్రిగారు మాత్రం ఆ జారిన మట్టినే పోగుచేయించి, తొక్కించి, నాలుగు రోజుల్లో మళ్ళీ పెట్టించారు. కొత్త మట్టి ఒక్క తట్ట కూడా తేలేదు. ఖర్చు కూడా మరీ తక్కువేం కాలేదు. వస్తువుల డబ్బు మిగిలింది, కూలీకి ఎక్కువైంది. ఆ డబ్బు ఊళ్ళోనే ఉంది కదా అని సరిపెట్టుకున్నాం.

చివరికి ఒక కాయితం రాసుకున్నాం. ఏటా రోహిణికార్తెలో ఒక ఏడు బావగారు, ఒక ఏడు మావారు సెలవు పెట్టుకుని ఊరెళ్ళాలి. పెంకు సర్దించడం, చెద చూడడం, గోడలకి పూత వాళ్ళ పని. చేయించడం కాదు, దగ్గరుండి చేయడం. అత్తగారు అరుగు మీద కూర్చుని చూస్తారు. ఈ షరతు పెట్టింది నేను కాదు, మా తోడికోడలు. సంతకాలు కూడా పెట్టించింది!

ఈ ఏడు మొదటి వంతు మావారిది. నిచ్చెనెక్కి పెంకులు సర్ది, రెండు చేతులా బొబ్బలతో వచ్చారు. "అమ్మ ఇదంతా ఎలా చేసిందే?" అన్నారు. "అడగండి మరి ఆవిణ్ణే" అన్నాను. ఫోన్ చేసి గంటసేపు మాట్లాడారు.

ఇల్లు మళ్ళీ డెబ్భై ఏళ్ళు ఉంటుందో లేదో నాకు తెలీదు. మా అమ్మాయి తరానికి అది అక్కర్లేకపోవచ్చు. అప్పుడు పెంకు దింపుకుని, దూలాలు తీసుకుని వదిలేస్తే, రెండు వానాకాలాల్లో గోడలు దొడ్లో కలిసిపోతాయి, అక్కడ కందిచెట్లు వేసుకోవచ్చు. మా నాన్నగారి ఇంటిలా చెరువుగట్టు మీద గుట్టై పడి ఉండదు. నాకు ఆ ఊహ దిగులుగా అనిపించడం లేదు.

మీ ఇళ్ళల్లో కూడా ఇల్లు కట్టే మాటలు జరుగుతుంటే, ఎలివేషన్ బొమ్మలూ టైల్స్ రంగులూ చూసే ముందు, ఒక్క పని చేయండి. ఆ ఇంట్లో ఎక్కువసేపు ఉండబోయే ఆడమనిషిని, మీరే అయినా సరే, మధ్యలో కూర్చోబెట్టి అడగండి. ఏం కావాలి, దాన్ని ఎవరు చూసుకుంటారు అని. జవాబు కాయితం మీద రాయించుకోవడం మర్చిపోకండేం!